అంచును అల్లిన చేతులు



ప్రియమైన సహోదరీ సహోదరులారా, వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్లినప్పుడు మీరు ఒక చిన్న పని చేయండి. ప్రభువు బల్ల మీద పరచిన తెల్లని గుడ్డను ఒకసారి చూడండి. గుడ్డను కాదు, దాని అంచును చూడండి. మన తెలుగు సంఘాలలో చాలా చోట్ల ఆ అంచుకు నాలుగు వేళ్ల వెడల్పున లేసు ఉంటుంది. చిన్న చిన్న పూలు, ఆకులు, వాటిని కలుపుతూ వలలాంటి గళ్లు. ఎన్ని సంవత్సరాలుగా మనం ఆ బల్ల దగ్గర మోకరించాము! రొట్టెను చూశాము, గిన్నెను చూశాము. ఆ అంచును ఎవరు అల్లారని ఎప్పుడైనా అడిగామా?

నేను కూడా చాలా కాలం అడగలేదు. అందుకే ఈ దినమున ఆ అంచు చరిత్రను మీతో కలిసి ధ్యానించాలని ఆశపడుతున్నాను. ఇది ఒక అలంకారపు చరిత్రలా కనబడుతుంది. కానీ ఇందులో కరువు ఉంది, బానిసత్వం ఉంది, సువార్త ఉంది, కూలి ఉంది. మన ఇంటి స్త్రీలు ఉన్నారు.

అంచు ఎందుకు?

ఏ గుడ్డనైనా కత్తిరించి చూడండి. కత్తెర పడిన చోట దారాలు ఊడటం మొదలవుతుంది. రెండు ఉతుకులు ఉతికితే అంచు పీలికలవుతుంది. అందుకే దర్జీ అంచును మడిచి కుడతాడు, లేదా పట్టీ వేస్తాడు, లేదా లేసు వేసి కుడతాడు. చీరకు ఫాల్ కుట్టించుకునే ప్రతి సహోదరికీ ఈ సంగతి తెలుసు. ఫాల్ పైకి కనబడదు. అయినా నేలకు రాసుకునే చోట చీరను కాపాడుతుంది, కుచ్చిళ్లు చక్కగా నిలబడేలా బరువునిస్తుంది.

బట్టల తయారీలో ఉన్నవారు ఇటువంటి వాటన్నిటినీ కలిపి ట్రిమ్స్ అంటారు. గుండీలు, జిప్పులు, పైపింగు, ఎలాస్టిక్, లేసులు అన్నీ ఆ జాబితాలోనివే. వడ్రంగి ప్లైవుడ్ బల్ల అంచుకు కొట్టే బీడింగు కూడా అటువంటిదే. అది చెక్క పొరలు లేచిపోకుండా ఆపుతుంది, చూపుకు నిండుదనమూ ఇస్తుంది. వీటన్నిటికీ రెండు పనులున్నాయి. ఒకటి పట్టి ఉంచడం, రెండవది అందాన్నివ్వడం. కొనేవాడు అందాన్ని చూస్తాడు. అంచు లేకపోతే వస్తువు నిలవదని చేసేవానికి తెలుసు.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని ఎంత జాగ్రత్తగా చెప్పిందో చూడండి. నిర్గమకాండము 28వ అధ్యాయములో ప్రధాన యాజకుడైన అహరోను నిలువుటంగీని గూర్చి దేవుడు మోషేకు ఆజ్ఞ ఇస్తున్నాడు. 32వ వచనములో తల దూర్చే రంధ్రము చుట్టూ నేతపని గోటు ఉండాలని ఆజ్ఞ. ఎందుకు? అది చినగకుండా ఉండేందుకు. తరువాతి వచనాలలో ఆ అంగీ అంచున నీల ధూమ్ర రక్తవర్ణముల దానిమ్మపండ్లు, వాటి మధ్య బంగారు గంటలు. యాజకుడు పరిశుద్ధస్థలములో తిరుగుతున్నప్పుడు ఆ గంటల ధ్వని వినబడాలి. అంటే మెడ దగ్గర గోటుకు పని ఉంది, పాదాల దగ్గర గంటలకు పని ఉంది. రెండూ అందంగానూ ఉన్నాయి. దేవుని దృష్టిలో పనీ అందమూ వేరు కాలేదు.

సంఖ్యాకాండము 15వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల వస్త్రాల అంచులకు కుచ్చులు, ఆ కుచ్చులకు నీలి సూత్రము ఉండాలని చెప్పబడింది. వాటిని చూసి వారు ఆజ్ఞలను జ్ఞాపకము చేసుకోవాలి. మత్తయి 9వ అధ్యాయములో పన్నెండు సంవత్సరాలు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ మన ప్రభువు వస్త్రములో ఏ భాగాన్ని ముట్టింది? చెంగును. అదే మత్తయి 23వ అధ్యాయములో పరిసయ్యులు తమ చెంగులను గొప్పకోసం వెడల్పు చేసుకుంటున్నారని ప్రభువు గద్దించాడు. ఒకే చెంగు. ఒకరికి ఆడంబరం, మరొకరికి ఆశ్రయం.

రాజుల మెడ నుండి పేదల చేతికి

ఇప్పుడు లేసు సంగతికి వద్దాము. ఐరోపాలో లేసు ఒక ప్రత్యేకమైన కళగా 16వ శతాబ్దంలో పెరిగింది. ఇటలీలోని వెనిస్, నేటి బెల్జియం ప్రాంతమైన ఫ్లాండర్స్ అందుకు పేరుపొందాయి. అప్పట్లో అది రాజులు, ప్రభువులు, పెద్ద పెద్ద మతాధికారులు మెడకూ మణికట్టుకూ ధరించిన వస్తువు. జానెడు లేసుకు నెలల పని పట్టేది. అందుకే బట్ట పాతబడితే లేసును విప్పి మరో బట్టకు కుట్టుకునేవారు. లేసును ఆస్తిలా దాచుకునేవారు. దానిని అల్లినవారు మాత్రం చాలా వరకు పేద స్త్రీలు, చిన్న బాలికలు.

1808, 1809 సంవత్సరాలలో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లండు దేశస్థుడు లేసు వలను నేసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1816లో లఫ్‌బరో పట్టణంలోని అతని ఫ్యాక్టరీ మీద లుడ్డైట్లు దాడి చేసి యంత్రాలను పగులగొట్టారు. అతను తన పనిని డెవన్ ప్రాంతంలోని టివర్టన్‌కు మార్చుకున్నాడు. యంత్రం ఆగలేదు. చేతితో అల్లేవారి బ్రతుకు కష్టమైంది. 1840లో విక్టోరియా రాణి తన వివాహపు దుస్తులకు అదే డెవన్ ప్రాంతపు హానిటన్ లేసును కోరుకుంది. ఆ చేతిపనివారికి ఊతమివ్వాలన్నదే అందులో ఒక ఉద్దేశం.

తరువాత ఐర్లండు దేశంలో గొప్ప కరువు వచ్చింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. లక్షలమంది చనిపోయారు, లక్షలమంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ దినాలలో కన్యాస్త్రీల మఠాలలోనూ, దయగల స్త్రీల ఇళ్లలోనూ పేద బాలికలకు క్రోషే లేసు నేర్పించారు. దీనికి పెద్ద సరంజామా అక్కరలేదు. కొసన చిన్న కొక్కెం ఉన్న ఒక సూది, ఒక నూలు ఉండ చాలు. ఒకామె గులాబీ పువ్వు అల్లుతుంది, మరొకామె ఆకు అల్లుతుంది, ఇంకొకామె అన్నిటినీ వలతో కలుపుతుంది. ఇంటిల్లిపాది గంజి ఆ సూది కొన మీద ఆధారపడింది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇతర లేసులెన్నిటినో యంత్రాలు చేయగలిగాయి. క్రోషే లేసును పోలిన గుడ్డను యంత్రం నేస్తుంది గానీ, అసలైన క్రోషే అల్లిక నేటికీ మనిషి చేతి పనే. మీ ఇంట్లో నిజమైన క్రోషే లేసు ఉందంటే, ఒక మనిషి వేళ్లు దానిలోని ప్రతి ముడినీ తాకాయని అర్థం.

విడుదల వెల

ఐర్లండు కరువుకు ముందే, దక్షిణ భారతదేశంలో ఒక మిషనరీ స్త్రీ ఈ పని మొదలుపెట్టింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన చార్లెస్ మాల్ట్, ఆయన భార్య మార్తా మాల్ట్ 1819లో నాగర్‌కోయిల్ చేరారు. అది అప్పటి తిరువాన్కూరు సంస్థానం. మార్తా అమ్మగారు బాలికల కొరకు బడి పెట్టి, 1821లో అక్కడ లేసు పని నేర్పడం ప్రారంభించారు. అది క్రోషే కాదు. ఒక దిండు మీద సూదులు గుచ్చి, చిన్న చిన్న కండెలకు చుట్టిన దారాలను వాటి చుట్టూ తిప్పుతూ అల్లే లేసు.

ఆ బాలికలలో కొందరు బానిసల పిల్లలు. వారి దేహాలకు యజమానులుండేవారు, వెల ఉండేది. ఆ బాలికలు లేసు అల్లి సంపాదించిన డబ్బుతో తమ విడుదలను తాము కొనుక్కున్న సంగతి మిషను చరిత్రలో నమోదైంది. తిరువాన్కూరులో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1855లో. అంతకు ముందే ఆ పిల్లలు ఒక్కొక్క ముడి వేసుకుంటూ తమ సంకెళ్లను విప్పుకున్నారు. రాణుల దుస్తులకు అలంకారమైనది బానిస పిల్లకు విడుదల క్రయధనమైంది. ప్రియులారా, ఇది మన సంఘ చరిత్రలో అంత చిన్న సంగతి కాదు.

గోదావరి ఒడ్డున

ఇక మన గోదావరి జిల్లాకు వద్దాము. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌గారితో కలిసి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యౌవనస్థులు తమ భార్యలతో ఇంగ్లండు నుండి ఓడలో వచ్చారు. వారూ డెవన్ ప్రాంతపువారే. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో వారు చేసిన సేవే గోదావరి డెల్టా మిషనుకు పునాది.

వారు వచ్చిన నేల అప్పుడు మనమెరిగిన పచ్చని గోదావరి సీమ కాదు. 1832, 1833 సంవత్సరాలలో వచ్చిన నందన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమ దానికి నాశనమైంది. 1839లో కోరంగిని పెద్ద తుఫాను ముంచింది. గోదావరి నీరు పక్కనే సముద్రంలో కలిసిపోతుంటే పొలాలు ఎండిపోయేవి. ఆర్థర్ కాటన్‌గారు ధవళేశ్వరం ఆనకట్ట కోసం ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది 1844లో. పని 1847లో మొదలై 1852లో ముగిసింది.

ఆ 1844వ సంవత్సరంలోనే స్కాట్లండు నుండి వచ్చిన మెక్‌రే అనే మిషనరీ, ఆయన భార్య నరసాపురంలో స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని ఆ పరిశ్రమ చరిత్రలో చెబుతారు. నది మీద ఆనకట్ట లేవకముందే నది ఒడ్డున కొక్కెపు సూది కదిలింది. తరువాతి కాలంలో భద్రాచలం అవతల దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వారి కేంద్రంలోనూ లేసు పని సాగింది. దుమ్ముగూడెం లేసు అని దానికి పేరే వచ్చింది.

నరసాపురంలో మొదట నేర్చుకున్నవారు ఎక్కువగా కొత్తగా విశ్వాసములోనికి వచ్చిన పేద కుటుంబాల స్త్రీలు. ఊరిచేత అంటరానివారని త్రోసివేయబడినవారు వారిలో ఎందరో. మిషనరీలు దారం తెప్పించి ఇచ్చేవారు, అల్లిన లేసును తమ దేశంలోని స్నేహితులకు పంపేవారు, వచ్చిన డబ్బు ఇక్కడికి చేరేది. కరువు కాలంలో ఆ పని ఎన్ని ఇళ్ల పొయ్యి వెలిగించిందో పరలోకములోనే లెక్క తెలుస్తుంది. ఆ మిషనరీల ప్రేమను నేను తక్కువ చేసి చెప్పను. మనలో అనేకుల అమ్మమ్మలు చదువు నేర్చుకున్నది ఆ సూది చూపించిన దారిలోనే.

ఇంటిలో దాగిన ఫ్యాక్టరీ

అయితే చరిత్ర అక్కడ ఆగలేదు. 20వ శతాబ్దంలో లేసు మిషను చేతిలో నుండి వ్యాపారుల చేతిలోనికి వెళ్లింది. పని చేసే తీరు ఇలా స్థిరపడింది. ఎగుమతిదారుడు ఏజెంటుకు దారం ఇస్తాడు. ఏజెంటు ఊరూరా తిరిగి, ఇంటింటికీ ఆ దారాన్ని తూచి ఇస్తాడు. స్త్రీలు తమ తమ ఇళ్ల అరుగుల మీద కూర్చుని అల్లుతారు. పూలు, ముక్కలు అల్లేది కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేది మరికొందరు. ఏజెంటు మళ్లీ వచ్చి, తూచి, ఇంత అని కూలి ఇచ్చి తీసుకువెళతాడు. ఆ లేసు ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళుతుంది. అక్కడ బల్లగుడ్డలకు, దిండు గలీబులకు, దుస్తులకు అంచు అవుతుంది.

తరువాత కాపు మొదలైన కులాల స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో ఈ పనిలోనికి వచ్చారు. పొలానికి వెళ్లి కూలి చేయడం తక్కువతనమని, గడప దాటకుండా చేసేది గౌరవమైన పని అని ఆ ఇళ్లలో భావించేవారు. ఆ గౌరవమే వ్యాపారికి లాభమైంది.

1970 దశకం చివరలో మరియా మీస్ అనే జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతపు ఇళ్లలో కూర్చుని ఈ స్త్రీల బ్రతుకును పరిశీలించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కొరకు చేసిన ఆ పరిశోధన 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకంగా వచ్చింది. ఆమె కనుగొన్నది మనలను కలవరపెట్టాలి. లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారు. వంట, నీళ్లు, పిల్లలు, పశువులు, ఇవన్నీ చూసుకుంటూనే దినానికి ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వారికి దినానికి దక్కేది ఒక్క రూపాయి కూడా కాదు. పొలంలో నాట్లు వేసే కూలి స్త్రీకి దానికంటే ఎక్కువ దొరికేది. అయినా అరుగు మీద కూర్చున్న ఆమె పొలం వెళ్లే ఆమె కంటే తాను గొప్ప అనుకునేది.

ఎందుకిలా జరిగింది? ఆ స్త్రీలు పనివారు కాదు, గృహిణులు. తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు అని అందరూ అనుకున్నారు. వ్యాపారి అలా అన్నాడు. భర్త అలా అన్నాడు. జనాభా లెక్కలలో వారిలో అత్యధికులు పనివారి వరుసలోనే లేరు. చివరికి ఆ స్త్రీలే తమను గూర్చి అలా అనుకున్నారు. తీరిక వేళ పని అన్నప్పుడు దానికి కూలి అడిగేదెవరు? గృహిణి అన్నప్పుడు ఆమెకు సంఘం ఎక్కడ, సెలవు ఎక్కడ, వృద్ధాప్యంలో ఆధారం ఎక్కడ?

ప్రియులారా, గమనించండి. ఇంటిలో కూర్చుని చేసే పనిగా దీనిని మొదట నేర్పింది మనవారే. మంచి భార్య, మంచి తల్లి ఇల్లు విడువకుండా నాలుగు డబ్బులు సంపాదించుకోవాలన్నది ఆ కాలపు మిషనరీ ఆశ. ఆ ఆశలో ప్రేమ ఉంది. కానీ ఆ ప్రేమ కట్టిన నాలుగు గోడల మధ్యకు తరువాత వ్యాపారం వచ్చి కూర్చుంది. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టిన పనిని కూడా తరతరానికీ పరీక్షించుకోవాలని ఈ చరిత్ర మనకు నేర్పుతోంది.

సంఘపు పుస్తకంలో ఒక గీత

ఇప్పుడు నా సంగతి ఒకటి ఒప్పుకుంటాను. నేను కాపరిగా ఉన్న ఒక డెల్టా సంఘములో కుటుంబాల రిజిస్టరును కొత్తగా రాస్తున్నాము. నేను ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. భర్త లేడు, కూతురు పిల్లలు ఆమె దగ్గరే ఉంటున్నారు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పేరు రాశాను, వయస్సు రాశాను. వృత్తి అనే గడి దగ్గరకు వచ్చాను.

"అమ్మా, మీరు ఏం పని చేస్తున్నారు?" అని అడిగాను.

"పనేముందయ్యగారూ, ఇంట్లో ఖాళీగానే ఉంటున్నాను" అన్నది.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె వేళ్లు ఆగలేదు. కుడిచేతిలో కొక్కెపు సూది, ఎడమ చూపుడువేలికి చుట్టిన దారం, ఒడిలో అల్లిన పూలు. నేను అది చూస్తూనే ఆ గడిలో ఒక అడ్డగీత గీసి తరువాతి ఇంటికి వెళ్లిపోయాను.

తరువాత కొన్ని నెలలకు మన సంఘములో ఒక మహాసభ వచ్చింది. వచ్చే అతిథులకు జ్ఞాపకంగా లేసు బల్లగుడ్డలు ఇవ్వాలని కమిటీలో అనుకున్నాము. ఆ పని ఆమెకే అప్పగించాము. ఆమె ఒక ధర చెప్పింది. కమిటీవారు బేరమాడారు. నేను ఆ గదిలోనే ఉన్నాను, నేను కూడా తగ్గించమన్నాను. ఆమె ఒక్క క్షణం ఊరుకుని, "దేవుని పని కదా అయ్యగారూ, మీరు ఎంత ఇస్తే అంత" అన్నది.

ఆ రాత్రి నాకు యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనము జ్ఞాపకం వచ్చింది. చేలు కోసినవారికి ఇవ్వకుండా పట్టుకున్న కూలి మొరపెడుతుందని, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చేరిందని యాకోబు భక్తుడు రాశాడు. అంతవరకు ఆ వాక్యాన్ని నేను భూస్వాములకు, మిల్లు యజమానులకు ప్రకటించాను. దేవుని పని అనే పేరుతో ఒక పేద విధవరాలి కూలిని కోసిన కాపరికి కూడా ఆ వాక్యము వర్తిస్తుందని అప్పటివరకు నాకు తట్టలేదు.

మరుసటి దినం ఆమె ఇంటికి వెళ్లాను. ఒక బల్లగుడ్డకు ఎన్ని గంటలు పడుతుందో కూర్చుని అడిగాను. ఉదయం వంట ముగిసిన తరువాత మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా, మళ్లీ పిల్లలు బడి నుండి వచ్చేదాకా, రాత్రి భోజనాల తరువాత బల్బు వెలుగులో కళ్లు మంట పుట్టేదాకా అల్లుతుందట. అన్నీ కలిపి లెక్క కడితే ఆమె మొదట చెప్పిన ధర కూడా చాలా తక్కువే. ఆమె ఎన్నడూ అలా లెక్క కట్టుకోలేదు. ఆమెను అలా లెక్క కట్టమని అడిగినవారూ లేరు.

ఇంకొకటి తెలిసింది. మన ప్రభువు బల్ల మీది గుడ్డకు ఉన్న లేసు ఆమె చేతిపనే. పదేళ్ల క్రితం ఆమె దానిని మందిరానికి కానుకగా ఇచ్చింది. ప్రతి నెలా దాని ముందు నిలబడి నేను రొట్టె విరిచాను. మా రిజిస్టరులో ఆమె పని దగ్గర మాత్రం అడ్డగీత.

ఈ చరిత్ర మనలను ఏమి అడుగుతోంది?

కమిటీ మళ్లీ కూర్చుంది. ఆమె గంటలకు తగిన ధర ఇచ్చాము. అతిథులకు ఇచ్చే గుడ్డల సంఖ్య తగ్గించుకున్నాము. రిజిస్టరులో ఆ గీతను కొట్టివేసి "లేసు పనివారు" అని రాశాను. అదే వీధిలో అలా గీత పెట్టిన మరి కొన్ని ఇళ్లకు కూడా తిరిగి వెళ్లవలసి వచ్చింది.

దీనివలన పరిశ్రమ అంతా మారిపోయిందని నేను చెప్పను. మార్పులు మెల్లగా వస్తున్నాయి. స్త్రీలు సహకార సంఘాలుగా కూడి తామే దారం కొని, తామే అమ్ముకునే ప్రయత్నాలు జరిగాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఇక ఆ పేరు పెట్టుకుని వేరే చోట చేసిన సరుకును అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఇది సంతోషించవలసిన సంగతే. అయితే గుర్తింపు లేసుకు వస్తే చాలదు, అల్లిన చేతికి కూడా రావాలి. పేరుకు వచ్చిన విలువ కూలిలోకి దిగాలి. అది చట్టంతో పాటు కొనేవారి మనస్సాక్షి మీద కూడా ఆధారపడుతుంది.

కాబట్టి ప్రియులారా, మీ ముందు మూడు మనవులు ఉంచుతున్నాను.

మొదటిది, మీ ఇంటిలో, మీ వీధిలో ఇంట కూర్చుని పని చేస్తున్న స్త్రీలను ఖాళీగా ఉన్నవారని అనకండి. లేసు కావచ్చు, బీడీలు కావచ్చు, అప్పడాలు కావచ్చు, కుట్టుమిషను కావచ్చు. అది పని. దానిని పని అని పిలవడమే న్యాయానికి మొదటి మెట్టు.

రెండవది, చేతిపని కొనేటప్పుడు బేరమాడే ముందు "దీనికి ఎన్ని దినాలు పట్టింది?" అని అడగండి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో దీనుడైన కూలివాని కూలిని ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలని దేవుడు ఆజ్ఞాపించాడు. అతడు దాని మీద ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెప్పాడు. ఏజెంటు వచ్చే దినం కోసం ఎదురుచూసే అక్కకు కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది.

మూడవది సంఘ పెద్దలకు, నా తోటి కాపరులకు. దేవుని పని అనే మాటను పేదవాని దగ్గర ధర తగ్గించడానికి వాడకండి. ఆమె కానుకగా ఇస్తే అది ఆమె ఆరాధన. మనం బేరమాడి తగ్గిస్తే అది కానుక కాదు.

సామెతలు 31వ అధ్యాయములోని గుణవతియైన స్త్రీని గూర్చి మనం వివాహాలలో ఎన్నిసార్లు ప్రసంగించాము! ఆమె చేతులు ఊరక ఉండవని, బట్టలు చేసి అమ్ముతుందని, నడికట్లు వర్తకులకు ఇస్తుందని ఆ భాగము చెబుతుంది. ఆమె భర్త పెద్దల మధ్య కూర్చునే చోటు గవిని. కానీ ఆ అధ్యాయము చివరి వచనములో ఏమి ఆజ్ఞాపించబడిందో గమనించండి. ఆమె చేతుల ఫలాన్ని ఆమెకు ఇవ్వాలి. ఆమె పనులే ఆమెను గవినులలో పొగడాలి. మనం పొగడ్త ఇచ్చాము. చేతుల ఫలం ఇచ్చామా?

అంచు గుడ్డను పట్టి ఉంచుతుంది. మన సంఘాలను కూడా ఇలాంటి చేతులే పట్టి ఉంచాయి. మిషనరీలు వెళ్లిపోయిన తరువాత, కరువులలో, తుఫానులలో, పిల్లల ఫీజు కట్టవలసిన జూన్ నెలలలో, కానుక పెట్టెలో పడిన చిల్లరలో ఆ సూది ఉంది. వారిని మనం అంచున కూర్చుండబెట్టాము. మన ప్రభువు జనసమూహము మధ్య నడుస్తూ, తన చెంగును ఎవరో ముట్టారని ఆగి, వెనుకకు తిరిగి, ఆ స్త్రీని చూశాడు. ఆమెను కుమారీ అని పిలిచాడు. ఆమెను దాటి వెళ్లిపోలేదు.

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు వచ్చినప్పుడు ఆ గుడ్డ అంచును చూడండి. ఆరాధన ముగిసిన తరువాత, దానిని అల్లినది ఎవరో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆమె మీ సంఘములోనే ఉంటే వెళ్లి ఆమె పక్కన కూర్చోండి.

కనబడని చేతుల కష్టాన్ని చూచే దేవుడు మన కన్నులను కూడా తెరచునుగాక. ఆమేన్.